పాఠకుల ప్రశ్నలు: పాలియెస్టర్ సంచి మీద ఏ ఇంకు నిలుస్తుంది?

బడులు తెరిచే ముందు స్కూల్ బ్యాగులు, పెళ్లిళ్ల కాలంలో కానుకల సంచులు, ఏడాది పొడవునా దుకాణాల సంచులు. స్క్రీన్ ప్రింటింగ్ (జాలి గుండా ఇంకు నొక్కి అక్షరాలు, బొమ్మలు వేసే పని) చేసేవాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి ఎక్కువ వీటి గురించే. దాదాపు అన్నిటిలోనూ 'ఏ ఇంకు కొనాలి' అని అడిగారు, సంచి ఏ గుడ్డతో కుట్టిందో మాత్రం రాయలేదు. గుడ్డ తెలియకుండా ఇంకు చెప్పడం కుదరదు. అందుకే జవాబుల్లో గుడ్డ సంగతి మళ్లీ మళ్లీ వస్తుంది.

ఎర్ర పాలియెస్టర్ సంచుల మీద తెల్ల ప్లాస్టిసాల్‌తో కాలేజీ పేరు వేశాం. వేసిన రోజు పాలలా తెల్లగా ఉంది. మూడో రోజు కట్ట విప్పి చూస్తే అక్షరాలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. ఇంకు కల్తీదా? (విజయవాడ)

ఆ గులాబీ రంగు మీ సంచిదే. పాలియెస్టర్‌కు అద్దే డిస్పర్స్ రంగులకు ఒక గుణం ఉంది. బాగా వేడి తగిలితే అవి ఆవిరై దారం లోంచి బయటికి వస్తాయి. ప్లాస్టిసాల్ వేడికి గట్టిపడే ప్లాస్టిక్ ఇంకు. మామూలు రకం గట్టిపడాలంటే ఇంకు పొర మొత్తం 160 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి. సరిగ్గా ఆ వేడికే గుడ్డలోని రంగు కదులుతుంది. పైగా ప్లాస్టిసాల్‌లో ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి పదార్థం ఉంటుంది. బయటికి వచ్చిన రంగును అది తనలోకి లాక్కుంటుంది. ఇదంతా నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి వేసిన రోజు ఏమీ కనబడదు. వేడి తగ్గకముందే సంచులను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్ట కడితే లోపలి వేడి గంటల తరబడి పోదు, రంగు పాకడం ఆగదు. ఎరుపు, మెరూన్ గుడ్డలతో ఈ బాధ ఎక్కువ. నలుపు చాలాసార్లు రెండు మూడు రంగుల కలయిక కాబట్టి దాన్నీ నమ్మడానికి లేదు.

దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, తక్కువ వేడికే గట్టిపడే లో-బ్లీడ్ తెలుపు. ఇది దాదాపు 130 డిగ్రీల దగ్గర పండుతుంది. పనివాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. హీట్ ప్రెస్ డయల్ మీద 130 కనబడినంత మాత్రాన ఇంకు 130కి చేరినట్టు కాదు. వేడి తగిలితే రంగు మారే టెంపరేచర్ స్టిక్కర్‌ను ప్రింట్ పక్కనే అంటించి ఒకసారి చూసుకోండి. ఇంకుకు చాలినంత వేడి అందకపోతే గులాబీ రంగు రాకపోయినా, సంచి మడతపడగానే అక్షరం పగులుతుంది.

రెండో దారి బ్లాకర్ బేస్. ఇది కార్బన్ కలిసిన బూడిదరంగు ఇంకు. దీన్ని అడుగున వేసి, తడి ఆరేంతవరకు ఫ్లాష్ చేసి (పైనుంచి కాసేపు వేడి చూపి), దాని మీద తెలుపు వేయాలి. పైకి పాకే రంగును కార్బన్ అడుగునే పట్టేస్తుంది. బేస్ కాస్త మందంగా పడాలి కాబట్టి దానికి సెంటీమీటరుకు 43 నుంచి 61 దారాల మెష్ (స్క్రీన్ జాలి) వాడండి. రెండు స్క్రీన్ల రిజిస్ట్రేషన్, అంటే ఒక ముద్ర మీద ఇంకో ముద్ర సరిగ్గా కూర్చోవడం, తప్పకూడదు. తెలుపు బేస్ అంచు దాటి నేరుగా గుడ్డను తాకితే, అక్షరం చుట్టూ సన్నటి గులాబీ గీత తేలుతుంది. మీ పనికి మేము ఈ దారినే చెబుతాం. ఖర్చు పెరిగే మాట నిజమే కానీ, ఎరుపు మీద తెలుపు నెలల తరబడి తెల్లగా నిలవాలంటే ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి లేదు.

మూడోది, వేడి అక్కరలేకుండా గాలికి ఆరే రెండు డబ్బాల సాల్వెంట్ ఇంకు (ఒక డబ్బాలో ఇంకు, ఇంకోదానిలో దాన్ని గట్టిపరిచే హార్డెనర్). ఇందులోనూ ఒక చిక్కు ఉంది. ఘాటైన సాల్వెంట్ తానే గుడ్డలోని రంగును కరిగించగలదు. కొనేముందు ఆ ఇంకుకు వాడే థిన్నర్‌లో తెల్ల గుడ్డపేలిక తడిపి సంచి లోపలి మూల మీద పది పన్నెండుసార్లు రుద్దండి. పేలికకు రంగు అంటితే ఆ జత కుదరదు.

ఏ దారిన వెళ్లినా సంచి చేతికి చల్లగా తగిలేదాకా పేర్చకండి. పాడైన సంచులు పారేయనక్కరలేదు. అదే స్క్రీన్‌తో బ్లాకర్ వేసి, దాని మీద తక్కువ వేడి తెలుపు వేస్తే చాలామటుకు దక్కుతాయి. ముందు ఒక్క సంచి మీద వేసి మూడు రోజులు ఆగి చూడండి.

600డి (దారం మందం లెక్క) స్కూల్ బ్యాగుల మీద వేసిన ఇంకు గోటితో గీరితే పొరలా లేచిపోతోంది. అదే ఇంకు కాటన్ సంచుల మీద ఎంత లాగినా రావడం లేదు. (గుంటూరు)

కాటన్ దారం ఇంకును తాగుతుంది. పాలియెస్టర్ తాగదు. అందులోనూ బ్యాగుల గుడ్డకు రెండు వైపులా ఏదో ఒకటి పూసి ఉంటుంది. లోపలి వైపు నీరు దిగకుండా పీయూ (పాలీయూరిథేన్) గాని పీవీసీ గాని ప్లాస్టిక్ పూత ఉంటుంది. బయటి వైపు నీటిని జారవిడిచే ఫినిష్ ఉంటుంది. నీటిని జారవిడిచేది ఇంకును మాత్రం పట్టుకుంటుందా? ఒక చుక్క నీళ్లు వేసి చూడండి. తామరాకు మీద బొట్టులా నిలిచి దొర్లితే ఆ ఫినిష్ ఉన్నట్టే.

ఖాదీ, రబ్బర్ పేస్టు వంటి నీటి ఇంకులు ఈ గుడ్డకు పనికిరావు. ఫిక్సర్ (పట్టు పెంచే మందు) కలిపినా పై పైనే ఉండిపోతాయి. రెండు ఇంకులు పనిచేస్తాయి. ఒకటి, నైలాన్, పాలియెస్టర్‌లకోసమే చేసిన హార్డెనర్ కలిపే సాల్వెంట్ ఇంకు. రెండోది, బాండింగ్ ఏజెంట్ కలిపిన ప్లాస్టిసాల్. కుట్టేసిన బ్యాగుకు మొదటిదే మేలు. బ్యాగు లోపల ఫోమ్, జిప్పు, పీవీసీ పూత ఉంటాయి. పాలిథీన్ ఫోమ్ 110 డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. పీవీసీ పూత అంతకన్నా ముందే మెత్తబడి ప్రెస్ అడుగు పలకకు అంటుకుంటుంది.

పని ఇలా నడవాలి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన పేలికతో ప్రింట్ పడే చోటు తుడవండి. ప్రతి నాలుగైదు సంచులకు పేలిక మార్చండి, లేకపోతే ఒక సంచి జిడ్డు ఇంకోదానికి పూసినట్టే. ఆల్కహాల్ పూర్తిగా ఆరాలి. హార్డెనర్‌లో చాలావాటికి మూలం ఐసోసయనేట్. అది ఆల్కహాల్‌తో కలిస్తే అక్కడికక్కడే ఖర్చైపోయి ఇంకుకు పట్టు లేకుండా చేస్తుంది. అదే కారణంతో ఈ ఇంకును ఆల్కహాల్ ఉన్న థిన్నర్‌తో పలచన చేయకూడదు. హార్డెనర్‌ను తూకం వేసే కలపాలి. డబ్బా మీద 5 శాతం అని ఉంటే 200 గ్రాముల ఇంకుకు 10 గ్రాములు. మూత కొలత, కంటి అంచనా పనికిరావు. తక్కువైతే ఊడుతుంది, ఎక్కువైతే పెళుసై పగులుతుంది. బాగా కలిపి 10 నిమిషాలు పక్కన పెట్టండి, బుడగలు తేలిపోతాయి. ఆ తరువాతే అవసరమైతే థిన్నర్ పోయండి.

బ్యాగు లోపల కుట్లకన్నా, జిప్పుకన్నా ఎత్తుగా నిలిచే చెక్క పలక దూర్చండి. స్క్రీన్ కుట్టు మీద ఆనితే ఒక పక్క ఇంకు ముద్దగా పడి, ఇంకో పక్క అసలు పడదు. స్క్రీన్‌కు, గుడ్డకు మధ్య 3 మిల్లీమీటర్ల ఎడం చాలు. స్క్వీజీ (ఇంకును జాలి మీద లాగే పట్టీ) రబ్బరు గట్టితనం 70 షోర్ దగ్గర ఉంటే అంచులు తీరుగా వస్తాయి.

ఆరాక అదే సాయంత్రం గోటితో గీరి చూసి బెంగపడకండి. ఈ ఇంకు ఒకటి రెండు గంటల్లో చేతికి అంటకుండా ఆరుతుంది గాని, పట్టు పూర్తిగా రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. 72 గంటల తరువాత టేపు గట్టిగా అద్ది ఒక్క ఊపున లాగండి. తరువాత సంచిని 20 సార్లు నలిపి, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి మళ్లీ టేపు లాగండి. తడి పరీక్షలో నిలిచిందే వానాకాలంలో నిలుస్తుంది.

ఇంకో మాట. ఆర్డరు పెద్దదైతే కుట్టకముందే గుడ్డ ముక్కల మీద ప్రింట్ చేయమని అడగండి. బల్లపరుపు ముక్క మీద రిజిస్ట్రేషన్, వేడి, ఆరబెట్టడం అన్నీ సులువే. కుట్టిన బ్యాగు మీద వచ్చే సమస్యల్లో సగం ముక్క మీద అసలు రావు.

మార్కెట్లో అన్నిటినీ 'పాలియెస్టర్' అనే అమ్ముతున్నారు. ఏది పాలియెస్టరో, ఏది నాన్ వోవెనో, ఏది నైలానో తేల్చుకునేదెలా? (ఖమ్మం)

చెంబెడు నీళ్లు, అగ్గిపెట్టె చాలు. చిన్న ముక్క కత్తిరించి, నీళ్లలో రెండు చుక్కల సబ్బునీళ్లు వేసి, ముక్కను లోపలికి ముంచి వేళ్లతో నలిపి గాలి పోగొట్టండి. వదిలితే తేలింది పాలీప్రొపిలీన్, మునిగింది పాలియెస్టర్ గాని నైలాన్ గాని. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక, మిగతా రెండూ బరువు. దుకాణాల్లో కనబడే నాన్ వోవెన్ (నేయకుండా అతికిన గుడ్డ) సంచులు ఎక్కువ పాలీప్రొపిలీన్‌వే. తరువాత పట్టకారుతో పట్టి, ఆరుబయట వెలిగించండి. పాలియెస్టర్ నల్లటి మసి పొగతో కాలి, చల్లారాక గట్టి నల్లటి పూసలా మిగులుతుంది. పాలీప్రొపిలీన్ కొవ్వొత్తి వాసన వేస్తుంది. నైలాన్ పూస లేత గోధుమరంగులోనో, బూడిదరంగులోనో ఉంటుంది, పొగ తక్కువ. పూత ఉన్న గుడ్డ అయితే ముందు అంచు నుంచి దారాలు లాగి వాటిని కాల్చండి. పీవీసీ పూతతో కలిపి కాలిస్తే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది, పీల్చకూడదు.

పాలీప్రొపిలీన్ అని తేలితే దానికి పీపీ ఇంకు అని అడిగి వేరేగా కొనాలి. 160 డిగ్రీల దగ్గర గుడ్డే కరుగుతుంది కాబట్టి మామూలు ప్లాస్టిసాల్ ఆలోచనే వద్దు. ఈ సంచులు కొనేటప్పుడు మందం కూడా చూసుకోండి. 2021 సెప్టెంబరు 30 నుంచి 60 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కన్నా పలచని నాన్ వోవెన్ ప్లాస్టిక్ సంచులు నిబంధనలకు విరుద్ధం. 10 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి తూయండి. 0.6 గ్రాములకన్నా తక్కువ తూగితే ఆ సరుకు తీసుకోకండి.

గుడ్డ అమ్మేవాళ్లు చెప్పే అంకెలతో చాలామంది తికమకపడుతున్నారు. 600డి లోని 'డి' డెనియర్. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. మడత పెట్టుకునే పలుచటి సంచుల '190టి' గుడ్డలో దారాల లెక్క. మీ స్క్రీన్ మీది '77టి' సెంటీమీటరుకు మెష్ దారాల లెక్క. ఈ రెండు 'టి'లకూ సంబంధం లేదు.

500 సంచులకు ఇంకు ఎంత కొనాలి? డిజైన్ 20 × 15 సెంటీమీటర్లు. ప్రతిసారీ ఎక్కువ కలిపి పారబోస్తున్నాం. (వరంగల్)

డిజైన్‌లో నిజంగా ఇంకు పడే భాగం సగం అనుకుందాం. 20 × 15 అంటే 300 చదరపు సెంటీమీటర్లు, సగం 150. సెంటీమీటరుకు 77 దారాల మెష్ ఒక చదరపు మీటరుకు దాదాపు 30 మిల్లీలీటర్ల ఇంకు వదులుతుంది. ఆ లెక్కన ఒక సంచికి ఒక పూతకు 0.45 మిల్లీలీటర్లు, 500 సంచులకు 225. ముదురు గుడ్డ మీద రెండు పూతలు వేస్తే 450. స్క్రీన్ మీద, గరిటెకు, నమూనాలకు పోయేది ఇంకో 200. తెల్ల ఇంకు నీళ్లకన్నా బరువు కాబట్టి ఒక కిలో డబ్బా సరిపోయి కాస్త మిగులుతుంది. 43 దారాల మెష్ అయితే ఇంకు దాదాపు రెట్టింపు పడుతుంది, అప్పుడు కిలో చాలదు.

పారబోత ఎక్కువవడానికి కారణం ఒకేసారి కలపడం. హార్డెనర్ పడ్డాక ఇంకుకు ఆయుష్షు నాలుగు నుంచి ఎనిమిది గంటలే, డబ్బా మీద రాసి ఉంటుంది. చేత్తో గంటకు 60 సంచులు వేస్తే 500కు ఎనిమిది గంటల పైనే పడుతుంది. 200 గ్రాముల చొప్పున కలుపుకుంటూ వెళ్లండి. గడువు దాటిన ఇంకు గిన్నెలో ఇంకా జారుగానే కనబడవచ్చు. చూపుకు బాగానే ఉంది కదా అని వాడితే సంచికి పట్టదు. భోజనానికి లేస్తే స్క్రీన్ కడిగి లేవండి. జాలిలో గట్టిపడిన రెండు డబ్బాల ఇంకు తరువాత ఏ థిన్నర్‌కూ రాదు, మెష్ మార్చుకోవాల్సిందే.

మే నెలలో పది సంచులు వేసేసరికి జాలి మూసుకుపోతోంది. వానాకాలంలో ప్రింట్ మీద సూదిమొన బొక్కలు పడుతున్నాయి. ఒకే ఇంకుకు ఈ తేడా ఏమిటి? (ఒంగోలు)

ఎండాకాలంలో సాల్వెంట్ జాలిలోనే ఆవిరైపోతోంది. థిన్నర్ మళ్లీ మళ్లీ పోస్తే ఇంకు పలచబడి అంచులు పాకుతాయి. థిన్నర్‌కు బదులు నెమ్మదిగా ఆరే రిటార్డర్ కలపండి. 5 శాతంతో మొదలుపెట్టి 10 దాటకండి. ఎక్కువైతే అది ఇంకు పొరలోనే ఉండిపోయి, పేర్చిన సంచులు ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్రతి ప్రింట్ తరువాత స్క్రీన్ ఎత్తి, ఒత్తకుండా ఇంకును జాలి మీద పరుచుకుంటూ వెనక్కి లాగండి. తడి పొర కప్పి ఉన్న జాలి త్వరగా ఎండదు. ఫ్యాను గాలి స్క్రీన్‌కు తగలకుండా, ఆరబెట్టిన సంచుల వైపు తిప్పండి. వీలైతే తెల్లవారుజామున వేసుకోవడమే మంచిది.

వానాకాలంలో సమస్య హార్డెనర్‌ది. ఐసోసయనేట్ గాలిలోని తేమతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఆ బుడగలే మీ సూదిమొన బొక్కలు. హార్డెనర్ సీసాను కావలసినంత ఒంపుకుని వెంటనే బిగించండి. సీసా మూతి దగ్గర తెల్లటి పొర కట్టినా, లోపల మడ్డి కనబడినా అది చెడిపోయినట్టే. పెద్ద సీసా చవక అని కొనకండి, తీరప్రాంతంలో చిన్న సీసాలే గిట్టుబాటు.

ఇంట్లో ఒక గది ఖాళీ చేసి ఈ పని మొదలుపెడదామనుకుంటున్నాను. చిన్నపిల్లలున్నారు. ఇబ్బందేమైనా ఉందా అమ్మా? (తెనాలి)

ఉందమ్మా. అందుకే ముందే అడగడం మంచిదైంది. హార్డెనర్ కలిపే సాల్వెంట్ ఇంకులను పిల్లలు తిరిగే ఇంట్లో వాడకండి. ఐసోసయనేట్ కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తరువాత కాస్త తగిలినా ఆయాసం వస్తుంది. సాల్వెంట్ ఆవిరి నేలబారున పాకి పక్క గదిలోని పొయ్యి దగ్గరికి చేరి అంటుకోగలదు. ఈ పనికి రెండు వైపులా గాలి ఆడే, వంటింటికి దూరంగా ఉండే షెడ్డు కావాలి. అక్కడ పొయ్యి, దీపం, సిగరెట్టు ఏదీ ఉండకూడదు. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు, కార్బన్ గుళికలున్న మాస్కు పెట్టుకోవాలి.

స్క్రీన్ తయారీలోనూ ఒక జాగ్రత్త. జాలి మీద పూసి డిజైన్ తీసే ఎమల్షన్‌లో కలపడానికి దుకాణంలో నారింజరంగు బైక్రోమేట్ ఇస్తారు. అది చవకే గాని క్రోమియం విషం, క్యాన్సర్ కారకం. కడిగిన నీళ్లు పెరట్లో పోస్తే భూమిలోకి దిగుతుంది. దానికి బదులు డయాజో సెన్సిటైజర్ అడగండి. ఏ ఇంకు వాడతారో చెప్పి, దానికి ఓర్చుకునే ఎమల్షన్ తీసుకోండి. సాల్వెంట్‌కు ఓర్చేది నీటి ఇంకుకు కరిగిపోవచ్చు.

ఇంట్లోనే చేయాలని ఉంటే కాటన్ సంచులు, నీటి ఇంకులతో మొదలుపెట్టండి. చేయి తిరిగాక, చోటు దొరికాక పాలియెస్టర్ పట్టుకోవచ్చు.

పెళ్లి సంచుల మీద వధూవరుల ఫొటో వేయమంటున్నారు. స్క్రీన్ మీద వస్తుందా? (కరీంనగర్)

వస్తుంది, కానీ నాలుగు స్క్రీన్లు, సన్నటి మెష్, చుక్కల రిజిస్ట్రేషన్ కావాలి. వంద సంచులకు గిట్టదు. సంచి తెల్లటి పాలియెస్టర్ అయితే సబ్లిమేషన్ (వేడికి ఆవిరయ్యే రంగు) కాగితం మీద ప్రింట్ తీసి, 190 నుంచి 200 డిగ్రీల దగ్గర ముప్పావు నిమిషం నుంచి నిమిషం పాటు ప్రెస్ చేయండి. మొదటి జవాబులో పని చెడగొట్టిన గుణమే ఇక్కడ పని చేసిపెడుతుంది. రంగు ఆవిరై దారంలోకి దిగుతుంది కాబట్టి గీరినా రాదు. ముదురు గుడ్డ మీద కనబడదు, పూత ఉన్న గుడ్డ, ఫోమ్ ఉన్న సంచి ఆ వేడికి తట్టుకోవు.